పొద్దున్నే వచ్చే ఫోను: బిడ్డను బడికి పంపాలా, ఇంట్లో ఉంచాలా?

మా గదిలో ఎనిమిది మందిమి ఉంటాం. ఐదుగురం రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు వైపు వాళ్లం. ముగ్గురు రాజోలు, నర్సాపురం నుంచి వచ్చినవాళ్లు. ఎనిమిది మందికీ కలిపి పదమూడు మంది పిల్లలు. ఆ పదమూడు మందిలో ఒక్కరు కూడా కువైట్‌లో లేరు. 2024లో కుటుంబ వీసాలు మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు జీతం కనీసం 800 దీనార్లు ఉండాలన్నారు. మన జీతాల సంగతి మనకు తెలిసిందే! అందుకే మన పిల్లలు అవ్వల దగ్గర, నానమ్మల దగ్గర, అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. కొందరి తల్లులు ఊళ్లోనే ఉన్నారు. కొందరి తల్లులు ఇక్కడే ఏదో ఇంట్లో పనిచేస్తూ, వేరే వాళ్ల పిల్లలకు బడి సంచి సర్దుతున్నారు.

తెల్లవారుజామున క్యాంపు ముందుకు బస్సు వచ్చే వేళ మీకు గుర్తుందిగా? ఇక్కడ నాలుగూ ముప్పావు అయితే ఊళ్లో ఏడుంబావు. మనం బూట్లు తొడుక్కుంటూ ఉంటాం, అక్కడ అవ్వ పిల్లలకు నీళ్లు కాస్తూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఫోను మోగుతుంది.

"నాయనా, పిల్లోడికి రాత్రినించి ఒళ్లు కాలిపోతాంది. ఇస్కూలుకు పంపేదా, మానిపించేదా?"

బస్సు డ్రైవరు హారన్ కొడుతుంటాడు. మన దగ్గర ఉన్నది అర నిమిషం. ఆ అర నిమిషంలో మనం ఇచ్చే జవాబు చాలాసార్లు ఒకటే: "ఏం కాదులేమ్మా, సగం పెనడాల్ వేసి పంపించు. ఫీజు కట్టినాం కదా!"

మేమూ అలాగే చెప్పేవాళ్లం. ఇప్పుడు చెప్పడం లేదు. ఎందుకు మానేశామో చెబుదామనే ఈ నాలుగు మాటలు.

మా గదిలో జరిగింది

మా వాళ్లలో ఒకతని కొడుకు ఐదో తరగతి చదివేటప్పటి సంగతి. వానాకాలం. సోమవారం రాత్రి జ్వరం వచ్చింది. మంగళవారం పరీక్ష ఉందని, సగం మాత్ర వేసి పంపమని ఇతను చెప్పాడు. పిల్లవాడు వెళ్లాడు. మధ్యాహ్నానికి మళ్లీ ఒళ్లు కాలిపోతుంటే టీచరు ఇంటికి పంపేశారు. బుధ, గురువారాలు ఇంట్లోనే ఉన్నాడు.

శుక్రవారం పొద్దున జ్వరం లేదు. అందరికీ ప్రాణం లేచి వచ్చింది. అవ్వ మాత్రం ఫోనులో సణిగింది. "జ్వరం అయితే లేదు గానీ నాయనా, పిల్లోడు ముఖం వాడిపోయినాడు. కడుపునొప్పంటాన్నాడు. రెండుసార్లు కక్కుకున్నాడు. ఈ పొద్దు ఉంచుదామా?" అంది. ఇతను కోప్పడ్డాడు. "జ్వరం లేదు కదా! మూడు రోజులు పోయినాయి, ఇంకెన్నాళ్లు మానిపిస్తావ్? పంపించు" అన్నాడు.

ఆ రోజు మాకు సెలవు లేదు, ఓవర్‌టైం. ఫోన్లు సైటు బయట లాకర్లలో పెట్టి లోపలికి పోవాలి. సాయంత్రం తీసి చూస్తే పద్నాలుగు మిస్‌డ్ కాల్స్. పిల్లవాడు రెండో పీరియడ్‌లో బెంచీ మీద నుంచి జారి పడిపోయాడు. చేతులు, కాళ్లు చల్లబడ్డాయి. తీసుకుపోతే డెంగీ అన్నారు. ఐదు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. బతికి బట్టకట్టాడు. ఇప్పుడు బాగా చదువుకుంటున్నాడు.

ఆ ఐదు రాత్రులూ మా గదిలో ఎవరమూ నిద్రపోలేదు. చివరి రోజు ఇతను ఒక మాట అన్నాడు. "బిడ్డ ముఖం చూసింది మా అమ్మ. నిర్ణయం మాత్రం ఇక్కడ కూర్చోని నేను చేసినా." ఆ మాట మా అందరికీ తగిలింది.

జ్వరం తగ్గింది కదా అంటే...

డెంగీ విషయంలో మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ జ్వరంలో అసలు ప్రమాదం మొదలయ్యేది చాలాసార్లు జ్వరం దిగే సమయంలోనే. మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల జ్వరం తగ్గుతుంది. అప్పుడు కొందరిలో రక్తనాళాల నుంచి నీరు బయటికి కారిపోయి ఒళ్లు చల్లబడుతుంది, నాడి బలహీనపడుతుంది. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగతగా పడి ఉండడం దీనికి ముందు గుర్తులు. వీటిలో ఏది కనిపించినా ఆలోచించేది బడి గురించి కాదు, ఆసుపత్రి గురించి. రక్తపరీక్ష చేసి డెంగీ కాదని తేల్చేవరకు ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటి మాత్రలు ఇవ్వకూడదు. వాటివల్ల రక్తస్రావం పెరుగుతుంది. పారాసిటమాల్ ఒక్కటే.

పారాసిటమాల్ కూడా జ్వరానికి కారణాన్ని పోగొట్టదు. వేడిని నాలుగు నుంచి ఆరు గంటల పాటు అణచిపెడుతుంది, అంతే. ఏడున్నరకు మాత్ర వేసి ఎనిమిదింటికి వ్యాన్ ఎక్కిస్తే ప్రార్థన వేళకు పిల్లవాడు బాగానే కనిపిస్తాడు. అన్నం వేళకు మళ్లీ కాలిపోతాడు. ఈలోపు పక్క బెంచీ పిల్లలకూ అంటిస్తాడు. అందుకే డాక్టర్లు చెప్పే లెక్క ఇది: మాత్ర వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే బడి. రాత్రి మాత్ర వేస్తే పొద్దునకు తగ్గిందనేది లెక్కలోకి రాదు.

పార్సిల్ పెట్టెలో పెనడాల్

మనం ఊరికి పంపే పెట్టెలో టాంగ్, నీడో, యాక్స్ ఆయిల్‌తో పాటు పెనడాల్ తప్పకుండా ఉంటుంది. మంచిదే. కానీ అది పెద్దవాళ్ల మాత్ర. పిల్లలకు మందు వయసును బట్టి కాదు, బరువును బట్టి ఇవ్వాలి. ఒక కిలోకు ఒక మోతాదులో 15 మిల్లీగ్రాములు మించకూడదు. మోతాదుకూ మోతాదుకూ మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి. రోజుకు నాలుగు మోతాదులు దాటకూడదు. 500 మిల్లీగ్రాముల మాత్రలో సగం అంటే 250. ఇరవై కిలోల పిల్లవాడికి అది సరిపోతుంది. పన్నెండు కిలోల పాపకు అదే సగం ఎక్కువైపోతుంది.

పెనడాల్ ఎక్స్‌ట్రా అయితే పిల్లలకు అసలు వద్దు. దానిలో కాఫీలో ఉండే కెఫీన్ కలిసి ఉంటుంది. ఊళ్లో మందుల షాపులో దొరికే పిల్లల సిరప్ కూడా రెండు రకాల బలంతో వస్తుంది. ఐదు మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములది ఒకటి, 250 మిల్లీగ్రాములది ఇంకొకటి. సీసా మారితే మోతాదు మారుతుంది. సీసా ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమంటే మనమే చదివి చెప్పవచ్చు. ఇది మాత్రం ఇక్కడి నుంచి నిజంగా చేయగలిగిన సాయం.

థర్మామీటరు విషయం కూడా చెప్పుకోవాలి. ఇక్కడ కొన్నవాటిలో చాలావరకు సెల్సియస్ చూపిస్తాయి. ఊళ్లో డాక్టరు ఫారెన్‌హీట్‌లో అడుగుతాడు. అవ్వ "38 ఉంది" అంటే ఎవరికీ అర్థం కాదు. ఈ మూడూ కాగితం మీద రాసి గోడకు అతికించమనండి: 38 అంటే 100.4, ఇది జ్వరం. 39 అంటే 102.2. 40 అంటే 104.

ఏ జబ్బుకు ఎన్ని రోజులు?

అన్ని జబ్బులకూ బడి మానిపించనక్కర్లేదు. పిల్లవాడికి ముక్కు కారుతోంది, కొంచెం దగ్గు ఉంది, జ్వరం లేదు, తింటున్నాడు, ఆడుతున్నాడంటే నిశ్చింతగా పంపవచ్చు. తలలో పేలున్నాయని మానిపించనక్కర్లేదు, దువ్వి మందు రాస్తే చాలు. అయితే దగ్గు రెండు వారాలు దాటితే మాత్రం ప్రభుత్వాసుపత్రిలో చూపించాలి.

ఇంట్లో ఉంచాల్సినవి ఇవీ:

వాంతులు, విరేచనాలు: చివరిసారి అయిన తర్వాత రెండు రోజులు. ఓఆర్ఎస్ పొట్లం ఒకటి లీటరు నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో సమంగా కొలిచిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువ కాకూడదు.

ఆటలమ్మ, అంటే అమ్మవారు పోసినప్పుడు: పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేవరకు. సాధారణంగా ఐదు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మన పెద్దలు గుమ్మానికి వేపమండ కట్టి బిడ్డను బయటకు పంపకుండా ఉంచేవారు. ఆ ఉంచడం సరైనదే.

తట్టు: ఒంటిమీద దద్దు కనిపించినప్పటి నుంచి నాలుగు రోజులు. ఇది గాలిలోనే చాలా వేగంగా అంటుకుంటుంది. తొమ్మిదో నెలలో ఒకసారి, ఏడాదిన్నర ప్రాంతంలో ఒకసారి వేసే టీకా రెండూ పడ్డాయో లేదో కార్డు చూడమనండి.

గవదబిళ్లలు: వాపు మొదలైన తర్వాత ఐదు రోజులు.

కళ్లకలక: కళ్లు ఎర్రబడి ఊసి కారుతున్నన్నాళ్లు ఇంట్లో ఉంచడమే మేలు. 2023 జులై, ఆగస్టు నెలల్లో మన రెండు రాష్ట్రాల్లో బడులు, హాస్టళ్లలో ఇది ఎలా పాకిందో గుర్తుండే ఉంటుంది. తువ్వాలు, దిండు వేరుగా ఉంచాలి.

గజ్జి: మందు ఒకసారి ఒళ్లంతా పట్టించిన మర్నాడు పంపవచ్చు. కానీ ఇంట్లో అందరూ ఒకేసారి రాసుకోవాలి. లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

"లంఖణం పరమౌషధం" అని పెద్దవాళ్లు పిల్లలకు అన్నం మానిపిస్తారు. అది పిల్లలకు పనికిరాదు. పాలు, గంజి, మెత్తటి అన్నం, ఏది తింటానంటే అది కొంచెం కొంచెంగా పెట్టమనండి.

ఆగకుండా 108కి ఫోను చేయాల్సినవి

ఊపిరి వేగంగా తీసుకుంటూ పక్కటెముకలు లోపలికి పోవడం, ఫిట్స్, లేపితే లేవకపోవడం, మెడ బిగుసుకోవడం, తాగిందంతా కక్కేయడం, ఎనిమిది గంటలైనా ఒంటికి పోయకపోవడం, రక్తం కనిపించడం, చేతులు కాళ్లు చల్లబడడం. వీటికి కువైట్‌కు ఫోను చేసి అడగాల్సిన పని లేదు. ముందు ఆసుపత్రి, తర్వాత మనకు ఫోను. జ్వరం మూడు రోజులు దాటితే ఏ గుర్తూ లేకపోయినా రక్తపరీక్ష చేయించాలి.

హాజరు పోతుందన్న భయం

మా అమ్మలు, అవ్వలు చెప్పే ఇంకో మాట: "బడి మానితే డబ్బులు పడవంట." ఆ భయం ఊరికే పుట్టలేదు. 2020లో అమ్మ ఒడి పేరుతో మొదలైన సాయానికి 75 శాతం హాజరు ఉండాలన్న షరతు ఉండేది. 2025లో తల్లికి వందనం పేరుతో డబ్బు పడినప్పుడు కూడా ఊళ్లో అందరి నోటా ఈ హాజరు మాటే. కానీ లెక్క వేసి చూడండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిది వరకు 220. వాటిలో నాలుగో వంతు అంటే 50, 55 రోజులు. ఆటలమ్మకు వారం, ఒక జ్వరానికి ఐదు రోజులు, విరేచనాలకు మూడు రోజులు పోయినా పదిహేను రోజులే. హాజరు తగ్గేది జ్వరాల వల్ల కాదు. పెళ్లిళ్లకు, తిరునాళ్లకు, ఉత్తపుణ్యాన మానేసే రోజుల వల్ల. మానిన రోజే టీచరుకు ఫోను చేసి చెప్పి, మళ్లీ వెళ్లేటప్పుడు సెలవు చీటీ పంపితే ఏ గొడవా ఉండదు.

ప్రతి సోమవారం కడుపునొప్పి

ఇంకో రకం జబ్బు ఉంది. జ్వరం ఉండదు, వాంతి ఉండదు. బడికి బయలుదేరే వేళకు కడుపునొప్పి, ఆదివారం మాయం. "నాటకాలాడతాన్నాడు" అని మనం ఫోనులో అరుస్తాం. మా అనుభవంలో పిల్లవాడు అబద్ధం ఆడడం తక్కువ. భయం కూడా కడుపులో నొప్పిగానే వస్తుంది. అలాంటప్పుడు ఇంట్లో ఉంచితే భయం పెరుగుతుంది, కొట్టి పంపితే ఇంకా పెరుగుతుంది. బడికి పంపుతూనే కారణం తెలుసుకోవాలి. ఎవరైనా కొడుతున్నారా? లెక్కలు రావడం లేదా? వ్యాన్‌లో పెద్ద పిల్లలు ఏడిపిస్తున్నారా? బడిలో కొట్టడాన్ని అదే విద్యాహక్కు చట్టం నిషేధించింది. మా గదిలో ఒకతని కూతురికి నొప్పి మొదలైంది అతను సెలవు ముగించుకుని తిరిగి వచ్చేసిన వారంలో. దానికి మందు ఏ షాపులోనూ లేదు. రోజూ ఒకే వేళకు ఐమోలో కనిపించి పది నిమిషాలు మాట్లాడడం మొదలుపెట్టాక మెల్లగా తగ్గింది.

ఈ శుక్రవారం చేయాల్సిన పని

అసలు విషయానికి వద్దాం. జబ్బు చేసిన పిల్లవాడిని చూసేది ఎవరో, నిర్ణయించేదీ వాళ్లే కావాలి. కానీ అవ్వ ఎందుకు మనల్ని అడుగుతుంది? ఆమెకు తెలియక కాదు. మిమ్మల్నీ మమ్మల్నీ పెంచిన మనిషి ఆమె. రేపు ఏమైనా అయితే "నువ్వే మానిపించినావు", "నువ్వే పంపినావు" అని మాట పడాల్సి వస్తుందని భయం. డబ్బు పంపేవాడు కొడుకు కాబట్టి మాట కూడా కొడుకుదే అనుకుంటుంది. ఆ భయం తీయగలిగింది మనం ఒక్కరమే.

మనకు శుక్రవారం సెలవైతే అక్కడ అది బడి రోజు. ఇక్కడ పది గంటలకు ఫోను చేస్తే ఊళ్లో పన్నెండున్నర. పిల్లలు బడిలో ఉంటారు, అవ్వ తీరిగ్గా మాట్లాడుతుంది. మేము ఎనిమిది మందిమీ ఒక్కో శుక్రవారం ఈ మాటలు చెప్పేశాం:

ఒకటి: "బిడ్డ బాగోలేడని నీకనిపిస్తే ఉంచేయ్. నన్ను అడగొద్దు. నేను ఏమీ అనను."

రెండు: ఇంట్లో ఒక డిజిటల్ థర్మామీటరు, నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు, పిల్లల బరువుకు తగిన మందు మోతాదు రాసిన కాగితం ఉండాలి.

మూడు: ఆసుపత్రి ఖర్చుకని కొంత డబ్బు వేరుగా బియ్యం డబ్బాలోనో, బీరువాలోనో ఉంచాలి. దాన్ని పండక్కి కూడా ముట్టకూడదు.

నాలుగు: టీచరు నంబరు, ఊరి ఆశా కార్యకర్త నంబరు, రాత్రిపూట పిలిస్తే వచ్చే ఆటో అబ్బాయి నంబరు పెద్ద అక్షరాలతో గోడ మీద రాయాలి.

ఐదు: ఫోను వస్తే మనం అడగాల్సినవి నాలుగే ప్రశ్నలు. మందు వేయకముందు జ్వరమెంత? తాగుతున్నాడా, ఒంటికి పోస్తున్నాడా? పిలిస్తే పలుకుతున్నాడా, ఆడుతున్నాడా? సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోగలడని నీకనిపిస్తోందా? చివరి ప్రశ్నకు ఆమె ఏం చెబితే అదే తీర్పు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాం. మనం జ్వరంతో కూడా బస్సెక్కుతాం. 2010 నాటి కువైట్ కార్మిక చట్టం డాక్టరు సర్టిఫికెట్ మీద ఏడాదికి 15 రోజుల జబ్బు సెలవు పూర్తి జీతంతో ఇచ్చింది. ఆ తర్వాతి రోజులకు కోత జీతంతో ఇచ్చింది. అయినా ఫోర్‌మన్ ఏమంటాడో అని, ఓవర్‌టైం పోతుందని వణుకుతూనే పనికి పోతాం. ఆ అలవాటే ఫోనులో మన నోట వస్తుంది: "ఏం కాదు, పంపించు." మన ఒంటికి మనం చేసుకునే అన్యాయాన్ని పిల్లల ఒంటికి కూడా చేయడం ఎందుకు?

మొన్న ఒక తెల్లవారుజామున మా గదిలో మళ్లీ ఫోను మోగింది. అందరం బూట్లు తొడుక్కోవడం ఆపి చూశాం. అటు నుంచి అదే అవ్వ గొంతు. ఈసారి ఆమె ఏమీ అడగలేదు.

"నాయనా, పాపకు జ్వరం. ఈ పొద్దు బడికి పంపలా. టీచరమ్మకు చెప్పినా. నువ్వు పనికి పో, మధ్యాన్నం చేస్తా" అంది.

ఇతను "సరే మా" అని ఫోను జేబులో పెట్టుకుని బస్సెక్కాడు.